గడప దాటని గొంతు

కొండయ్య మనవడు వెంకటస్వామికి మూడో ఏడు నడుస్తోంది, ఇంకా నోట ఒక్క మాట రాలేదు. అందుకు ఆ ఇంట్లో భయపడిన మనిషి ఒక్కతే, వాడి తల్లి శ్రీశైలమ్మ. తక్కినవాళ్ళంతా నిమ్మకు నీరెత్తినట్టున్నారు. "వాళ్ళ తాతకు నాలుగో ఏట వచ్చినాయి మాటలు, వీడికీ అట్లనే వస్తాయిలే" అనేది అత్త పిచ్చమ్మ, వసకొమ్ము అరగదీసి పిల్లవాడి నాలిక్కి రాస్తూ. నాలుగో ఏట మాటలొచ్చిన ఆ తాత కొండయ్య ఇప్పుడు ఊళ్ళో తగవులు తీర్చే పెద్దమనిషి. అందువల్ల మాట ఆలస్యం కావడం కూడా ఆ ఇంట్లో ఒక ఘనతే అయిపోయింది.

తర్లుపాడు రైలు స్టేషనుకు రెండు మైళ్ళ లోపలికున్న పల్లె అది. జొన్న, ఆముదం పండే నేల. కొండయ్యకు ముప్ఫై ఎకరాల పొలం, రెండు జతల ఎద్దులు, శిస్తు లెక్కలు చూసే జమాబందీకి వచ్చిన తహసీల్దారు కూడా ఆగి పలకరించే పరపతి ఉన్నాయి. వీటికి తోడు ఒక పద్ధతి కూడా ఉంది. మామ ఇంట్లో ఉండగా కోడలి గొంతు గడప దాటకూడదు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఉన్న మర్యాదే ఇది. కానీ మిగతా ఇళ్ళలో మామలు తెల్లారగానే చేలకు పోతారు, కోడళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. కొండయ్యకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున లేచింది మొదలు పంచలో నులకమంచం మీదే ఆయన కాపురం. దాంతో శ్రీశైలమ్మకు ఊపిరి పీల్చుకునే వేళంటూ లేకుండా పోయింది.

కొండయ్య దుర్మార్గుడు కాడు. ఆ మాట చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. కోడలి మీద ఏనాడూ చెయ్యెత్తలేదు, నోరు పారేసుకోలేదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి పక్కింటి పిల్లతో ఏదో చెప్పుకుంటూ పకపకా నవ్వింది. అప్పుడు పంచలో పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళు లేచి వెళ్ళాక కొండయ్య కండువా భుజాన వేసుకుని, ఆ మోకాళ్ళతోనే మైలు దూరం నడిచి, చేని కొట్టంలో మూడు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా పడుకున్నాడు. అంతకన్నా కొట్టి ఉంటే బాగుండేది. దెబ్బలు తింటే ఏడ్చి ఊరుకోవచ్చు. ముసలాయన పస్తుకు తన నవ్వే కారణమైతే ఆ పిల్ల ఎక్కడికి పోయి ఏడుస్తుంది? ఆ తర్వాత శ్రీశైలమ్మ గొంతు తగ్గిపోయింది. వంటింట్లో ఆమె మాట్లాడితే పొయ్యి దగ్గరున్న అత్తకు కూడా సగమే వినపడేది.

ఇంట్లో అందరూ వెంకటస్వామిని సామి అని పిలిచేవాళ్ళు. వెనక నుంచి పిలిస్తే వాడు తిరిగేవాడు కాడు. ఎదురుగా కూర్చుంటే మాత్రం తల్లి నోటివైపే గుచ్చి గుచ్చి చూసేవాడు. 'వీడికి వినపడదేమో' అన్న అనుమానం శ్రీశైలమ్మకు అక్కడే పుట్టింది. దాని వెంటనే ఇంకో అనుమానం. తను పిలిచే పిలుపు ఎవరికి మాత్రం వినపడుతుంది? లోపం బిడ్డ చెవుల్లో ఉందో తన గొంతులో ఉందో ఆ ఇంట్లో ఉండి తేల్చుకోవడం ఆమె వల్ల కాలేదు. చివరికి మొగుడు నాగయ్య చెవిన వేసింది. నాగయ్య మెత్తని మనిషి, పెళ్ళాం మాట కాదనడు, తండ్రి మాట అసలే కాదనడు. పోయి తండ్రికి చెప్పాడు.

"చెవులా? దానికేముంది, చూస్తే సరిపోలా!" అన్నాడు కొండయ్య.

ఊరికి అరమైలు దూరాన పలకల గని ఉంది. పలకరాయి మీదున్న గట్టిరాయిని మందుగుండు పెట్టి పేలుస్తారు. చెవుల విషయంలో ఆ ఊరివాళ్ళకు తెలిసిన పరీక్ష అదొక్కటే. ముసలివాళ్ళకు వినపడ్డం లేదన్నా, కొన్న ఎద్దు చెవిటిదేమోనన్నా గని గట్టుకు తీసుకుపోయి నిలబెడతారు. సామిని బండిలో ఎక్కించుకుని కొండయ్య స్వయంగా బయలుదేరాడు. వెనక నాగయ్య, పిచ్చమ్మ, ఇరుగుపొరుగు పదిమంది. అందరికన్నా వెనక, కొంగు నోట్లో కుక్కుకుని, శ్రీశైలమ్మ.

గనివాళ్ళు ఈల వేశారు. రాళ్ళు ఆకాశానికి లేచాయి. నేల అదిరింది. సామి ఎగిరిపడి, తాత మెడ కరుచుకుని కెవ్వున ఏడ్చాడు.

"ఇన్నాడు! నా మనవడు ఇన్నాడు!" అని కొండయ్య కేకలు పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఇంటికి వచ్చి వీధంతా బెల్లం పంచిపెట్టాడు. అంత మోతకు చచ్చిన పీనుగైనా కదులుతుందని అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. శ్రీశైలమ్మ కూడా ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నది. నమ్మాలని ఉన్న మనిషికి నమ్మడానికి ఆ మాత్రం చాలు.

ఆ పరీక్ష వల్ల ఎనిమిది నెలలు పోయాయి.

మరుసటి ఏడు వానలకు ముందు సామికి రెండు చెవులూ కారడం మొదలైంది. వెల్లుల్లి కాచిన నూనె పోశారు, ఎవరో చెప్పిన పసరు పిండారు. వాసన భరించలేని దశకు వచ్చాక నాగయ్య బండి కట్టి, భార్యాబిడ్డలను మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ అన్నమ్మ అనే నర్సు ఉంది. చెన్నపట్నంలో చదువుకుని వచ్చిన నడివయసు మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన. చెవులు శుభ్రం చేసి, పిల్లవాడి వెనక చప్పట్లు కొట్టింది, గంట మోగించింది, పళ్ళెం కింద పడేసింది. తర్వాత ఎడమ చెవి దగ్గరికి వంగి "సామీ!" అని గట్టిగా పిలిచింది. సామి తల తిప్పాడు.

"ఎన్నేళ్ళు?"

"మూడున్నర" అన్నాడు నాగయ్య.

"ఇంతకాలం ఏం చేసినారు?"

నాగయ్య గని సంగతి చెప్పాడు. అన్నమ్మ ఆయనను కోపంగా చూసి, ఆ కోపం మింగేసి, శ్రీశైలమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది. "చూడు చెల్లే. పేలుడు ఇనపడ్డంత మాత్రాన మాట ఇనపడినట్టు గాదు. కుడిచెవి పోయింది. ఎడమ చెవిలో కాస్త మిగిలుండాది. దగ్గరికి పోయి గట్టిగా మాట్లాడితే అందుతుంది. బిడ్డలు మాట నేర్చేది ఈ వయసులోనే. ఇంకో ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ఆ లోపల వాడికి మాట చెవిలో పడాల."

"మందేమన్నా ఇస్తావా అక్కా?" శ్రీశైలమ్మ అడిగింది.

"ఏందీ? గట్టిగా చెప్పు."

శ్రీశైలమ్మ మళ్ళీ అడిగింది.

"చెవి కారకుండా మందు ఇస్తా. మాటకు మందు నీ గొంతే" అని అన్నమ్మ సామి చేతిని తీసి శ్రీశైలమ్మ కంఠం మీద ఆనించింది. "ఇట్ల చెయ్యి పెట్టించి, ఎడమ చెవి పక్కన, వాడు నీ నోరు చూసేట్టు కూర్చుని గట్టిగా మాట్లాడు. నీళ్ళు పోసేటప్పుడు నీళ్ళను. అన్నం పెట్టేటప్పుడు అన్నమను. పొద్దున్నించి పొద్దుగూకేదాకా అదే పని. చెన్నపట్నంలో ఇట్లాంటి పిల్లలకు బడి ఉండాది. ఆరేళ్ళు నిండినాక చేర్చుకుంటారు. ఆ లోపల తల్లే బడి. పక్షానికొకసారి తీసుకురా, నేను చూస్తా."

తిరుగుదారిలో, ఊళ్ళు దాటి బయలు పడ్డాక, శ్రీశైలమ్మ బండిలో బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వాడి చెయ్యి గొంతు మీద పెట్టుకుని "సామీ!" అని పిలిచింది. ఎద్దులు చెవులు నిక్కబొడిచాయి. నాగయ్య వెనక్కి తిరిగి నోరు తెరుచుకుని చూశాడు.

"నీ గొంతు ఇట్లుంటదా?" అన్నాడు. ఐదేళ్ళ కాపురంలో ఆయన ఆ గొంతు వినలేదు.

"నాకూ గుర్తు లేదయ్యా" అని శ్రీశైలమ్మ నవ్వింది. దారి పొడవునా ఎద్దు, చెట్టు, కొండ అని అరుస్తూనే వచ్చింది. ఊరి పొలిమేర కనపడగానే ఆమె గొంతు దానంతటదే దిగిపోయింది.

మర్నాడు పొద్దున ధైర్యం చేసింది. "సామీ! నీళ్ళు! నీ...ళ్ళు!" అన్న కేక వంటిల్లు దాటి, పంచ దాటి, వీధిలో పడింది. బిందెతో పోతున్న ఆడమనిషి ఆగి చూసింది. పంచలో కొండయ్య చుట్ట ఆర్పేశాడు. నాగయ్య పోయి అన్నమ్మ చెప్పిందంతా చెప్పాడు. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"పిల్లోడికి చెప్పమను, వద్దన్నానా? ఊరందరికీ చెప్పమని ఎవరన్నారు?" అన్నాడు.

రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు మంచం ఖాళీగా ఉంది, కొయ్యకు కండువా లేదు. చేని కొట్టానికి పిచ్చమ్మ అన్నం పట్టుకుపోతే మూత తీయకుండా తిప్పి పంపాడు. పస్తు నాలుగో రోజుకు పిచ్చమ్మ వచ్చి కోడలి చేతులు పట్టుకుంది. "ఆయనకు ఏమన్నా అయితే నా పసుపు కుంకుమలు నువ్వు తెచ్చిస్తావా శ్రీశైలా? నలభై ఏండ్లు నేను నోరెత్తినానా? నా కొడుక్కు మాట రాలేదా?" అని ఏడ్చింది.

శ్రీశైలమ్మకు ఒళ్ళు మండింది. మనవడి మాట కన్నా మామ మర్యాద ఎక్కువైందా అని అడగాలనుకుంది. కానీ కాళ్ళ దగ్గర కూలబడ్డ ముసలిదాన్ని చూసి, వంగి పైకి లేపింది. చివరికి నాగయ్య ఒక దారి చెప్పాడు. దూరాన ఉన్న ఆముదం చేలోకి పిల్లవాణ్ణి తీసుకుపోయి, ఎవరూ వినని చోట అరుచుకోమన్నాడు. కొండయ్య ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు.

నలభై రోజులు శ్రీశైలమ్మ ఆ చేనికి పోయింది. ఎండలో, మబ్బులో, పని ముగించుకుని బిడ్డను చంకనేసుకుని పోయేది. గట్టు మీద కూర్చుని, వాడి చెయ్యి గొంతు మీద పెట్టుకుని, పిట్ట, ఆకు, చీమ అని చెవిలో అరిచేది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. రెండుసార్లు ఆసుపత్రికి కూడా వెళ్ళింది. నలభయ్యో రోజో, మర్నాడో, సామి తల్లి కంఠం మీద చెయ్యి పెట్టి, ఇంకో చెయ్యి తన కంఠం మీద పెట్టుకుని, "మ్మా" అన్నాడు. మాట చిన్నదే, గొంతుతో వచ్చింది. శ్రీశైలమ్మ వాణ్ణి హత్తుకుని చేలోనే బోర్లా పడి ఏడ్చింది.

ఏడవడం చూసినవాళ్ళున్నారు. మేకలు కాసుకునేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు అప్పటికే నెలగా చెప్పుకుంటున్నారు, కొండయ్య కోడలికి గాలి సోకింది, చేలో ఒంటరిగా అరుస్తాంది అని. ఆ మాట పంచ దాకా వచ్చింది. ఈసారి కొండయ్య కొట్టానికి పోలేదు. కొడుకుని పిలిచి, "పిల్లోడు ఇంట్లోనే ఉండాల, ఆయమ్మీ ఇంట్లోనే ఉండాల" అన్నాడు. నాగయ్య తల వంచుకున్నాడు. పక్షానికొకసారి ఆసుపత్రి కూడా దాంతోనే పోయింది. ఒక బిడ్డకు తండ్రి అయినవాడు, ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే ఏమయ్యేదో! అనలేదు, అంతే.

అక్కడ శ్రీశైలమ్మ ఒక పొరపాటు చేసింది. అది తెలివితక్కువతనం వల్ల చేసింది కాదు, ఆ ఇంట్లో బతకడం నేర్చినందువల్ల చేసింది. బిడ్డ ఎట్లాగూ తన నోటివైపే చూస్తాడు కదా, నోరు బాగా ఆడిస్తే చాలదా అనుకుంది. వంటింటి మూల తిరగలి పక్కన కూర్చుని, పెదవులు విప్పి, నిదానంగా, గొంతు లేకుండా మాటలు చూపించడం మొదలుపెట్టింది. చూపించినకొద్దీ వాడు పట్టుకున్నాడు. నీళ్ళంటే చెంబు తెచ్చేవాడు. తాత అంటే పంచవైపు చూపించేవాడు. ఏడాది తిరిగేసరికి ఆమె ఏం చెప్పినా అర్థం చేసుకునేవాడు. ఆమె సంబరం చెప్పనలవి కాదు. ఇంట్లో పస్తులు లేవు, ఊళ్ళో మాటలు లేవు, బిడ్డ దారిలో పడ్డాడు. మధ్యలో చెవులు మళ్ళీ కారాయి. మళ్ళీ వెల్లుల్లి నూనె పోశారు, తగ్గింది.

ఐదో ఏడు నిండి మూడు నెలలైన ఒక రోజు సామి ఆడుకుని వచ్చి, తల్లి ఎదుట నిలబడి, పెదవులు విప్పి, "అమ్మా, ఆకలి" అన్నాడు. శ్రీశైలమ్మ చేతిలో చేట జారిపోయింది. ఆ వారంలో వాడు అన్నం అన్నాడు, నాన్న అన్నాడు, ఎద్దు కావాలన్నాడు. ఆమెకు ప్రతి మాటా తెలిసింది. ఇంక ఆగలేకపోయింది. అన్నమ్మకు చూపించి రావాలని మొగుణ్ణి పోరింది. నాగయ్య బండి కట్టాడు, కొండయ్య కూడా మోకాళ్ళకు తైలం రాయించుకుంటానని బండెక్కాడు.

అన్నమ్మ గుర్తుపట్టింది. "ఏడాదిన్నర కనపడకుండా పోయినావు గదమ్మా!" అంది.

"మాట్లాడుతాండాడు అక్కా" శ్రీశైలమ్మ ముఖం వెలిగిపోయింది. సామిని ఎదురుగా నిలబెట్టి, నీకేం కావాలి అని పెదవులతో అడిగింది. సామి అన్నమ్మవైపు తిరిగి నోరు కదిపాడు. అక్షరం పొల్లుపోకుండా కదిపాడు.

అన్నమ్మ ఎదురు చూసింది. "ఊ, మాట్లాడమను" అంది.

"మాట్లాడినాడు గదక్కా. అన్నం కావాలంట."

అన్నమ్మ ముఖం మారింది. సామి కంఠం మీద రెండు వేళ్ళు ఆనించి, మళ్ళీ అడగమంది. సామి మళ్ళీ చెప్పాడు. పెదవులు కదిలాయి, నాలుక కదిలింది. వేళ్ళ కింద కంఠం కదలలేదు. ఆమె లేచి గంట తెచ్చి ఎడమ చెవి పక్కన మోగించింది. తర్వాత చెవిలో పిలిచింది, అరిచింది. సామి తల్లిని చూసి నవ్వుతూనే ఉన్నాడు.

"ఎడమది గూడా పోయింది" అని అన్నమ్మ బల్ల మీద కూర్చుంది. "ఏడిస్తే గొంతు వస్తుందా?"

"వస్తుంది. నవ్వినా వస్తుంది."

"మాటకు మాత్రం గొంతు అక్కర్లేదనుకున్నాడు. వాడి తప్పేముంది? చూసినట్టే నేర్చుకున్నాడు. నువ్వెట్ల మాట్లాడతావో అట్లనే మాట్లాడతాండాడు తల్లీ."

శ్రీశైలమ్మకు ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. ఏడాదిన్నర పాటు తిరగలి పక్కన కూర్చుని ఆమె బిడ్డకు నేర్పింది మాట కాదు, తన మౌనం.

వాకిలి దగ్గర నాగయ్య పక్కన కర్ర ఆనుకుని నిలబడ్డ కొండయ్య అంతా విన్నాడు. "ఇప్పుడు నేర్పితే రాదా?" అని అడిగాడు. ఆయన గొంతు కూడా సన్నగానే వచ్చింది.

"అప్పుడు కాస్తన్నా ఇనపడేది. ఇప్పుడు ఏం పట్టుకుని నేర్చుకుంటాడు పెద్దాయనా? చెన్నపట్నం బడికి రాస్తా. చేతులతో చెప్పడం, రాయడం నేర్పుతారు. గొంతు సంగతి నేను చెప్పలేను." అన్నమ్మ శ్రీశైలమ్మ వైపు తిరిగి, సామి చేతిని తీసి ఆమె కంఠం మీద పెట్టింది. "అయినా ఒకసారి పిలువు. గట్టిగా. అదురు తెలుస్తుందేమో చూద్దాం."

శ్రీశైలమ్మ మామ వైపు చూసింది. ఆరేడేళ్ళుగా కోడలితో నేరుగా ఒక్క మాట మాట్లాడని కొండయ్య రెండు చేతులూ జోడించాడు. "పిలువు తల్లీ. ఊరంతా ఇననీ. నేనేమీ అనుకోను, పిలువు" అన్నాడు.

ఆమె ఊపిరి నిండా పీల్చుకుంది. నోరు తెరిచింది. మెడ నరాలు బిగిశాయి. "సామీ" అన్న మాట, వంటింట్లో ఎంత వచ్చేదో అంతే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. అంతే వచ్చింది. మూడోసారి గాలి మాత్రమే వచ్చింది. కొండయ్య కర్ర వదిలేసి గడప మీద కూలబడ్డాడు.

సామి తల్లి కంఠం మీది చెయ్యి తీసి ఆమె చెంపలు తుడిచాడు. తర్వాత ఆమె ముఖాన్ని తనవైపు తిప్పుకుని, "ఏడవొద్దమ్మా, ఇంటికి పోదాం" అన్నాడు. గదిలో నలుగురు పెద్దవాళ్ళున్నారు. ఆ మాట అందినది శ్రీశైలమ్మ ఒక్కతెకే.